పడే తీరు

ఉరుమయ్యను ఓడించడం ఎవరి తరమూ కావడం లేదు. మనోజకు వచ్చిపడిన కష్టమల్లా అదే.

ఉరుమయ్య మనిషి కాదు లెండి, బూచి. ఫిల్మ్‌నగర్‌లో ఒక పాత డాబా పైఅంతస్తులో ఐదుగురు కూర్చుని రెండేళ్ళుగా తయారుచేస్తున్న ‘బూచిపోరు’ అనే ఫోన్ ఆటలో వాడే కథానాయకుడు. కారుమబ్బు రంగు ఒళ్ళు, ఆబోతు మెడ, తళతళలాడే మీసం. ఆ ఆటలో మొత్తం నలభై ఎనిమిది బూచులున్నాయి. ఆడే ఇద్దరూ చెరి మూడు బూచుల్ని ఎంచుకుని బరిలోకి దిగుతారు. ఒక వంతు నీది, ఒక వంతు నాది అన్నట్టు కొట్టుకుంటారు. ముందున్న బూచి పడిపోతే వెనకది వస్తుంది. మూడూ పడినవాడు ఓడినట్టు. ప్రతి బూచికీ నాలుగు రకాల దెబ్బలుంటాయి, పుట్టుకతో వచ్చిన గుణం ఒకటుంటుంది, చేతికిచ్చే వస్తువు ఒకటుంటుంది. ఈ దెబ్బలూ గుణాలూ వస్తువులూ ఒకదాన్నొకటి మింగేయకుండా సరితూగేలా చూడటమే మనోజ ఉద్యోగం.

అదిగో, ఆ సరితూగడమే లేదు. పోయిన నెల యూసుఫ్‌గూడలో ఒక ఫంక్షన్ హాలు తీసుకుని అరవై నాలుగు మందికి పోటీ పెట్టారు. అందులో అరవై ఒక్కమంది ఉరుమయ్యతోనే వచ్చారు. మిగిలిన ముగ్గురూ మొదటి ఆటలోనే ఇంటిదారి పట్టారు. ఆఖరి ఆట మీరు చూసి ఉండాల్సింది. ఇటూ ఉరుమయ్యే, అటూ ఉరుమయ్యే. వీడు ఉరిమితే వాడు కాచుకుంటాడు, వాడు ఉరిమితే వీడు కాచుకుంటాడు. నలభై నిమిషాలు అదే తంతు. అది ముగిసేసరికి హాల్లో మిగిలింది ఆడుతున్న ఇద్దరు, వాళ్ళ తల్లులు, కుర్చీలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుంటున్న మనిషి.

వెనక వరసలో పట్టాభిరామయ్యగారు కూడా ఉన్నారు. ఆ డాబా ఆయనది, ఆట ఆయనది, ఉరుమయ్యా ఆయనవాడే. నలభై ఏళ్ళు సినిమాలు తీసిన మనిషి. ఆరేళ్ళ కిందట ఉరుమయ్యను పెట్టి ఒక పెద్ద సినిమా తలపెట్టారు. సినిమా ఆగిపోయింది, బొమ్మ మిగిలిపోయింది. ఆ బొమ్మను వదులుకోలేక ఆట మొదలుపెట్టించారు. జూబ్లీహిల్స్‌లో వాళ్ళింటి హాల్లో మనవల ఫొటోల పక్కన ఉరుమయ్య ఫొటో కూడా ఉంటుందంటే నమ్మండి.

మర్నాడు ఆయన మనోజను పిలిచారు.

“చూడమ్మా, నాకు ఆటలు తెలీవు. ఖాళీ కుర్చీలు తెలుసు. కుర్చీలు ఖాళీ అయ్యాయంటే బొమ్మ పోయినట్టే. ఐదు వారాల్లో మళ్ళీ పోటీ పెడదాం. ఈసారి ఆఖరి ఆట దాకా జనం కదలకుండా కూర్చోవాలి. కూర్చోలేదా, ఇక నా వల్ల కాదు. పైఅంతస్తు డబ్బింగ్ వాళ్ళు అడుగుతున్నారు, ఇచ్చేస్తాను.”

“తప్పకుండా చేస్తానండీ. ముందు ఉరుమయ్య బలం కొంచెం తగ్గిస్తే...”

“ఆ ఒక్కటీ అడక్కు,” అన్నారాయన చెయ్యి అడ్డం పెట్టి. “వాడి మీద చెయ్యి వెయ్యొద్దు. ఒక్క వెంట్రుక కూడా ముట్టుకోవద్దు. మిగతా నలభై ఏడింటినీ ఏం చేసుకుంటావో నీ ఇష్టం.”

హీరోకు దెబ్బ తగలకూడదు, హాలు మాత్రం నిండాలి. నలభై ఏళ్ళ అనుభవం ఒక్కోసారి మనిషిని ఇలాగే తయారుచేస్తుంది. మనోజ తలూపి మెట్లెక్కింది. ఇరవై తొమ్మిదేళ్ళ మనిషికి రెండేళ్ళంటే తక్కువ కాదు. ఆ నలభై ఎనిమిది బూచుల్లో ఒక్కోదానికి పేరు పెట్టిందీ, కోపతాపాలు ఇచ్చిందీ తనే. హాలు నిండకపోతే ఐదు వారాల తర్వాత అవేవీ ఎవరి ఫోన్లోనూ ఉండవు.

మొదటి వారం మిగతా అందరి దెబ్బలకూ బలం పెంచింది. ఆట అరనిమిషంలో ముగిసిపోయింది, ముందు ఎవరు కొడితే వాళ్ళదే గెలుపు. రెండో ప్రయత్నంగా అందరికీ కాపుగాసే వస్తువులిచ్చింది. ఇనప తాయెత్తు, వేపమండ, ఉప్పుమూట. ఈసారి ఆట ఎంతకీ తెమలదు. ప్రోగ్రాములు రాసే రిత్విక్, కాకినాడ కుర్రాడు, ఆట మధ్యలో కిందికెళ్ళి టీ తాగొచ్చినా ఎవరూ పడలేదు. రెండో వారంలో మనోజకు పట్టుదల వచ్చింది. ఉరుమయ్యకు మొగుడు కావాలని ‘పిడుగుమింగి’ అని కొత్త బూచిని పుట్టించింది. పిడుగు పడితే నోరు తెరిచి మింగేయడం దాని గుణం. ఇంకేముంది, ఆఫీసులో ఆడి చూసినవాళ్ళందరూ ఒక చేత్తో ఉరుమయ్యను, ఇంకో చేత్తో పిడుగుమింగిని పట్టుకున్నారు. మిగతావాటి మొహం చూసినవాడు లేడు. పిడుగుమింగిని తన చేత్తోనే చెరిపేసి, స్కూటీ తీసి ఉసూరుమంటూ ఇంటికి పోయింది.

ఇల్లు కృష్ణానగర్‌లో. డ్యాన్సర్లూ లైట్‌మెన్లూ వేషాల కోసం తిరిగేవాళ్ళూ ఒకరి గోడకు ఒకరు ఆనుకుని బతికే సందులో రెండో డాబా. మనోజ తండ్రి బాలనర్సయ్య ముప్ఫై రెండేళ్ళు సినిమాల్లో ఫైటర్. అంటే హీరో చేతిలో తన్నులు తినే పదిమందిలో ఒకడు. అద్దాల్లోంచి పడ్డాడు, గుర్రాల మీంచి పడ్డాడు, మేడల మీంచి అట్టపెట్టెల మీదికి పడ్డాడు. ఇప్పుడు రెండు మోకాళ్ళూ అరిగి ఇంట్లో కూర్చున్నాడు.

మనోజ మూడో తరగతిలో ఉన్నప్పుడు సినిమాకు వెళ్ళి, మెట్ల మీంచి దొర్లుతున్న నీలం చొక్కాను చూపించి “గాయన మా నాయినే” అని గట్టిగా అరిచింది. పక్కనున్న పిల్లలు “మీ నాయిన దెబ్బలు తింటడా” అని పకపకా నవ్వారు. ఆ తర్వాత ఆమె ఎప్పుడూ ఎవరికీ చూపించలేదు. ఆఫీసులో అడిగితే సినిమా లైన్లో ఉండేవారని చెప్పి మాట తప్పించేది. నాయినంటే సిగ్గుపడుతున్నానని ఆమెకు తెలుసు. అలా సిగ్గుపడుతున్నందుకు తన మీద తనకే అసహ్యం వేసేది కూడా. అయినా నోరు పెగిలేది కాదు.

ఆ ఆదివారం పొద్దున మనోజ చాప మీద బాసింపట్టు వేసుకుని, రెండు ఫోన్లు ముందు పెట్టుకుని, కుడిచేత్తో ఎడమచేతి మీద యుద్ధం చేస్తోంది. బాలనర్సయ్య ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని మోకాలికి వేడినీళ్ళ సంచి పెట్టుకుంటూ కాసేపు చూశాడు.

“గిదేం ఫైట్ బిడ్డా?” అన్నాడు చివరికి.

“ఏమైంది నాయినా?”

“గా ముళ్ళపంది పడ్డది గదా. పడ్డంక ఏంజేసింది?”

“ఏంజేస్తది? పోయింది. ఎనకది వస్తది.”

“ఉత్తగనే పోయిందా?”

“ఉత్తగనే.”

బాలనర్సయ్య వేడినీళ్ళ సంచి పక్కన పెట్టాడు. “పడుడంటే గంత అల్కగున్నదా నీకు?”

ఆ గొంతులో కోపం లేదు. కానీ మనోజకు చురుక్కుమంది. ఫోన్లు కింద పెట్టి తండ్రి వైపు తిరిగింది.

“హీరో పదిమందిని ఒక్కొక్కన్నే కొడ్తడు,” అన్నాడు బాలనర్సయ్య. “మిగిలినోళ్ళు ఎందుకు నిలవడ్డరు, అందరొక్కసారే మీద పడొచ్చు గదా అని జనం నవ్వుతరు. నవ్వనీ. మేం ఊకె నిలవడలే. మా వంతు కోసం ముందటోన్ని సూసుకుంట నిలవడ్డం. పడంగనే పని అయిపోదు బిడ్డా. మొదలు పక్కకు దొర్లాలె. దొర్లకపోతే ఎనకటోడు నన్ను తట్టుకొని బోర్ల పడ్తడు. దొర్లుకుంట అరచేయితోని నేల మీద ఒక్కటి సరవాలె. గదే ఎనకటోనికి సైగ, ఇగ ఉరుకు అని.”

“ఇంక?”

“ఇంకోటున్నది.” బాలనర్సయ్య గొంతు తగ్గించాడు, ఫైట్ మాస్టర్ పక్క గదిలో ఉన్నాడేమో అన్నట్టు. “గా దినం హీరో చెయ్యి ఎట్లున్నది? కొట్టినట్టు జేస్తుండా, నిజంగనే తలుగుతున్నదా? గది పడ్డోనికే ఎరుక. దొర్లుకుంట పోయి ఎనకటోని కాళ్ళ కాడ ‘ఎడమ చెయ్యి పైలం’ అని ఒక్క ముక్క జెప్పాలె. కెమెరాకు ఇనవడది. నేను పడితే ఎనకటోని పండ్లు మిగలాలె. గదీ పడుడంటే.”

వంటింట్లోంచి తల్లి బాలమణి తొంగిచూసి, “మోకాళ్ళరిగినయ్ గని ముచ్చట్లు అరగకపాయె,” అంది. ఆమె మాట ఎవరికీ వినపడలేదు.

మనోజ కింద పెట్టిన ఫోన్ల వంక చూసింది. నలభై ఏడు బూచులు. రెండేళ్ళుగా రోజూ వందల సార్లు పడుతున్నాయి. ఒక్కటి కూడా వెనక వచ్చేదానికి దారి ఇవ్వలేదు, సైగ చేయలేదు, మాట చెప్పలేదు. పడటమంటే లెక్కలోంచి ఒకటి కొట్టేయడమే అనుకుంది తను. ఎలా కొట్టాలి అని తల బద్దలుకొట్టుకుందే తప్ప ఎలా పడాలి అని ఒక్కసారీ ఆలోచించలేదు. పైగా పుట్టి బుద్ధెరిగినప్పటి నుంచీ ఈ ఇంట్లోనే ఉంది. ఆమెకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

“నాయినా,” అంది, పక్కనున్న నోటుపుస్తకం లాక్కుని. “జర మల్ల మొదటికెళ్ళి జెప్పు.”

సోమవారం ఆఫీసులో మనోజ తెల్లబోర్డు మీద ఉన్నదంతా తుడిచేసి ‘పడే తీరు’ అని రాసింది. దెబ్బలు, గుణం, వస్తువులకు తోడు ఇకమీదట ప్రతి బూచికీ అది కూడా ఉంటుంది. ముళ్ళపంది పడితే ఆ చోట ముళ్ళు మిగులుతాయి, ఎదుటివాడు అడుగు వేస్తే గుచ్చుకుంటాయి. జిగటన్న అనే నత్తబూచి పడితే నేలంతా జారుడవుతుంది, వెనక వచ్చినవాడికి ముందుగా కొట్టే వంతు దొరుకుతుంది. గబ్బిలాయి పడుతూ పడుతూ ఎదుటివాడి చేతిలో దాచుకున్న వస్తువేమిటో తనవాళ్ళకు చెప్పేస్తుంది. చద్దిమూట అని ఒక కొత్త వస్తువు కూడా పెట్టింది. దాన్ని మోసే బూచి విప్పుకుని తినడానికి వీల్లేదు. అది పడ్డాక వెనక వచ్చే బూచికే ఆ ముద్ద.

రిత్విక్ బోర్డును పైనుంచి కిందిదాకా చదివాడు. “బాగుందండీ. చాలా బాగుంది. ఉరుమయ్యని ముట్టుకోనే లేదు. ఇంతకీ ఎక్కడ తట్టిందండీ మీకు?”

మనోజ మార్కర్‌కు మూత పెట్టింది. “మా నాయిన ఫైటర్. సినిమాల్లో. ముప్ఫై రెండేళ్ళు పడ్డాడు.”

“నిజంగా?” రిత్విక్ కుర్చీలోంచి లేచాడు. “రెండేళ్ళ నుంచి పక్కన కూర్చుంటున్నాను, ఇప్పుడా చెప్పడం? ఆయన్ని తీసుకురండి మనోజ గారూ!”

ఎవరూ నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా మోస్తున్న బరువు అంత తేలిగ్గా దిగిపోతుందని తెలిస్తే ఎప్పుడో దించుకునేది పిచ్చిది.

మూడు రోజుల్లో రిత్విక్ అంతా రాసి ఆడించి చూశాడు. నాలుగో రోజు పొద్దున్నే మొహం వేలాడేసుకుని వచ్చాడు.

“కొంప మునిగిందండీ. చూడండి. మరీ పీనుగుల్లాంటి బూచుల్ని రెండింటిని ముందు పెట్టాను. మొదటి దెబ్బకే టపటపా పడిపోయాయి. వాటి కానుకలన్నీ మూడోదానికి వచ్చేశాయి. ఇక దాన్ని ఆపడం ఎవరి వల్లా కాదు. ఇంకో ఉరుమయ్య పుట్టాడండీ.”

పోటీకి రెండున్నర వారాలే ఉంది. ఆడేవాళ్ళకు కొత్త పద్ధతి అలవాటు కావాలంటే పదిరోజుల ముందే ఫోన్లలోకి పంపాలి. మనోజ తండ్రికి ఫోన్ చేసింది. ఆ మధ్యాహ్నమే బాలనర్సయ్య ఆటోలో వచ్చాడు. రెయిలింగ్ పట్టుకుని మెట్టుకో విరామం తీసుకుంటూ పైకెక్కి, రిత్విక్ వేసిన కుర్చీలో కూర్చుని, తెర మీద ఆ బక్క బూచులు పడటం రెండుసార్లు చూశాడు.

“ఈడు దొంగ,” అన్నాడు. “దెబ్బ రాకముందే పడ్తుండు.”

“వస్తోంది కదండీ దెబ్బ?” అన్నాడు రిత్విక్.

“వచ్చుడు గాదు బాబూ. ఈడు పడనీకే వచ్చిండు. కొట్లాడనీకె రాలే.” బాలనర్సయ్య మోకాలు రుద్దుకున్నాడు. “నేను కొత్తల గిట్లనే జేసిన. హీరో పిడికిలి లేవనే లేదు, నేను అద్దంల నుంచి అవుతల పడ్డ. సెట్టు సెట్టంత నవ్వింది. మా మాస్టర్ మూడు దినాలు నన్ను చేతులు గట్టుకొని నిలవడమన్నడు. ‘ఒక్క దెబ్బ ఏసి, ఒక్క దెబ్బ తిని, అప్పుడు పడు. లేకపోతే నువ్వు పడ్డవని ఎవడు నమ్ముతడు’ అన్నడు.”

మనోజా రిత్విక్కూ మొహమొహాలు చూసుకున్నారు. ఒక్క దెబ్బ వేసి, ఒక్క దెబ్బకు తట్టుకుని నిలబడి, ఆ తర్వాత పడితేనే పడే తీరు పనిచేస్తుంది. అంతే. సాయంత్రానికి రిత్విక్ అది రాసేశాడు. బక్క బూచుల్ని బలిపెట్టి గెలిచే దారి మూసుకుపోయింది. ఒక్క దెబ్బకు ఎలా తట్టుకోవాలి అని ఆలోచించడం మొదలుపెట్టేసరికి, మూలన పడున్న వస్తువులన్నిటికీ పని దొరికింది. వేపమండకూ ఉప్పుమూటకూ కూడా.

ఆ తర్వాత వారం రోజులు బాలనర్సయ్య రోజూ ఆటోలో వచ్చాడు. బొమ్మలు గీసేవాళ్ళ పక్కన కూర్చుని, నత్త ఎలా పడాలి, గబ్బిలం ఎలా పడాలి, ఏది ఎటు దొర్లాలి అని చేతులతో చూపించాడు. నలభై ఏడు పడటాలు కూర్చాడు. ఉరుమయ్యది మాత్రం గీయలేదు. పట్టాభిరామయ్యగారి ఆజ్ఞ కదా, ఎవరు దాటుతారు? వాడు పడాల్సి వస్తే మునుపటిలాగే తెర మీంచి మాయమైపోతాడు.

పోటీ రోజు ఆదివారం పొద్దున అదే ఫంక్షన్ హాలు, మళ్ళీ అరవై నాలుగు మంది. రిత్విక్ పరుగెత్తుకొచ్చి, “ఉరుమయ్యతో వచ్చినవాళ్ళు ఇరవై రెండు మందే,” అన్నాడు. మనోజకు కాస్త ఊపిరాడింది. కానీ పందెం దాని మీద కాదు, కుర్చీల మీద. పట్టాభిరామయ్యగారు ఆఖరి వరసలో మధ్య కుర్చీలో కూర్చున్నారు. ఆయన చూస్తోంది తెర వంక కాదు, జనం తలల వంక. సినిమా విడుదలైన ప్రతి శుక్రవారమూ ఆయన అలాగే కూర్చునేవారట.

పన్నెండైంది, ఒంటిగంటైంది. భోజనాలకు లేచినవాళ్ళు చేతులు తుడుచుకుంటూ తిరిగొచ్చారు. రెండింటికి ఆఖరి ఆట. ఒకపక్క కమలాకర్, పోయినసారి గెలిచిన పిల్లాడు, ఉరుమయ్యను నమ్ముకున్నవాడు. రెండో పక్క రహమత్ నగర్ నుంచి వచ్చిన నర్సింగ్ విద్యార్థిని లాస్య. ఆమె చేతిలో జిగటన్న, గబ్బిలాయి, ముళ్ళపంది. పోయినసారి ఈ మూడింటినీ తెచ్చుకునేవాణ్ణి చూస్తే జాలిపడేవాళ్ళు.

కమలాకర్ ముందు బండోడు అనే రాతిబూచిని దించాడు. జిగటన్న వాణ్ణి సాగదీసి సాగదీసి పడగొట్టింది. వెంటనే ఉరుమయ్య దిగాడు. హాల్లో ఈలలు. జిగటన్న ఒకటి వేసింది, ఒకటి తిని నిలబడింది, రెండోదానికి పడింది. పడుతూ నేలంతా జిగట పూసి పక్కకు దొర్లింది. జనంలోంచి చప్పట్లు మొదలయ్యాయి. పడినదానికి చప్పట్లు! ముందు వంతు గబ్బిలాయికి దొరికింది. అది రెండు గట్టిగా కరిచి, ఒక పిడుగును తట్టుకుని, రెండో పిడుగుకు రెక్కలు ముడిచి రాలిపోతూ కబురు చెప్పేసింది. ఉరుమయ్య చేతిలో ఉన్నది మబ్బుగొడుగు, ప్రాణం సగానికి తగ్గాక వచ్చే మొదటి దెబ్బను ఆపుతుంది. గబ్బిలాయి మోసుకొచ్చిన చద్దిమూట ముళ్ళపంది చేతికొచ్చింది.

లాస్య తొందరపడలేదు. ముళ్ళపంది చేత ముందు చిన్న గిల్లుడు గిల్లించింది. గొడుగు తెరుచుకుంది, ఆ గిల్లుడుకే ఖర్చయిపోయింది. ఉరుమయ్య పిడుగు వేశాడు. చద్దిముద్ద తిని ఉన్న ముళ్ళపంది గింజుకుని నిలబడింది. ఆపైన ఒళ్ళంతా ముడుచుకుని ఉన్న ముళ్ళన్నీ ఒక్కసారిగా వదిలింది.

ఉరుమయ్య మాయమయ్యాడు.

ఒక్క క్షణం హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. “గిదేంది, గిట్ల పోయిండు?” అన్నారెవరో ముందు వరసలో. కమలాకర్ ఆఖరి బూచి తేలుమల్లి బరిలోకొచ్చింది. దానికి ముందు వంతు లేదు, దారి తెలీదు, ఎదురుగా ఉన్నదాని దగ్గర ఏం మిగిలిందో చెప్పినవాడు లేడు. మూడు వంతుల్లో అది కూడా పడిపోయింది. లాస్య ఫోన్ కింద పెట్టి రెండు చేతులతో మొహం కప్పుకుంది. హాలు దద్దరిల్లింది. కమలాకర్ కూడా లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు, పాపం, ఏడుపు ఆపుకుంటూ.

మనోజ మాత్రం ఆఖరి వరస వైపు చూస్తోంది. పట్టాభిరామయ్యగారు చప్పట్లు కొట్టడం లేదు. మెల్లగా లేచి, జనాన్ని తప్పించుకుంటూ తన వైపే వస్తున్నారు. ఆయన బిడ్డలాంటివాణ్ణి ఆయన కళ్ళముందే పడగొట్టించింది తను.

“కుర్చీలు చూశానమ్మా,” అన్నారాయన. “ఒక్కటీ ఖాళీ లేదు. గోడవారగా నిలబడ్డవాళ్ళు కూడా ఉన్నారు. పైఅంతస్తు మీదే. ఆ డబ్బింగ్ వాళ్ళకు నేను చెప్పుకుంటాను.”

మనోజ కళ్ళు చెమర్చాయి. థాంక్స్ చెప్పబోయింది. ఆయన ఆపారు.

“కానీ ఒక్క మాట. ఆ నత్త పడితే చప్పట్లు కొట్టారు. ఆ గబ్బిలం పడితే నా పక్కనున్నాయన అయ్యో అన్నాడు. మావాడు పడితే... దీపం ఆర్పినట్టు పోయాడేంటమ్మా? వెనకున్న తేలుకి ఒక్క ముక్క చెప్పలేదు. దానికేం మిగల్చలేదు.”

“మీరే ముట్టుకోవద్దన్నారు కదండీ.”

పట్టాభిరామయ్యగారు తెర వైపు చూశారు. ఇప్పుడు అక్కడ ముళ్ళపంది గంతులేస్తోంది.

“అన్నాను,” అన్నారు. “వాణ్ణి కాపాడుతున్నానని అనుకున్నాను. ఇప్పుడు ముట్టుకో. వాడికీ పడటం నేర్పు.”

“నాకు రాదండీ. నేర్పే ఆయన అక్కడున్నారు.” మనోజ గొంతు పెంచింది, చుట్టూ ఉన్న పదిమందికీ వినపడేలా. “మా నాయిన. బాలనర్సయ్య. సినిమాల్లో ఫైటర్.”

గోడపక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న బాలనర్సయ్య, పట్టాభిరామయ్యగారు తన వైపు రావడం చూసి, మోకాళ్ళ మీద చేతులు ఆనించి లేవబోయాడు. ఆయన భుజం పట్టి కూర్చోబెట్టారు.

“మా సినిమాల్లో చేశారాండీ మీరు?”

“పదకొండు జేసిన సార్. అన్నిట్ల పడ్డ.”

“మొహం గుర్తు రావడం లేదండీ, ఏమీ అనుకోకండి.”

“మొహం గనవడితే మల్ల టేక్ దీస్తరు సార్,” అన్నాడు బాలనర్సయ్య నవ్వుతూ.

పట్టాభిరామయ్యగారు నవ్వలేకపోయారు. పదకొండు సినిమాలు. ఆయన ఒక కుర్చీ లాక్కుని బాలనర్సయ్య ఎదురుగా కూర్చున్నారు. “మావాడికి పడటం నేర్పుతారా?”

బాలనర్సయ్య మోకాళ్ళు సర్దుకున్నాడు. “నేర్పుత. గని జర టైం పడ్తది సార్. హీరోలకు పడుడు జల్ది రాదు.”

“ఎంత టైమైనా పట్టనివ్వండి. ముందేం నేర్పుతారు?”

“మొదలు ఎనకకు మర్లి సూసుడు నేర్పుత సార్,” అన్నాడు బాలనర్సయ్య. “తన ఎనక ఎవలు నిలవడ్డరో ఆనికి ఇంతవరకు ఎరుకలేదు.”